గుల్లబారిన ఎముకలు – వంగిన నడుములు



వాకిట ముగ్గు పెట్టుటకు వంగిన వృద్ధురాలు నడుము కలుక్కుమని, గోడ పట్టుకొని లేచును. ఇంటివారు “వయసు మీరినది గదా” యని ఊరకుందురు. కొన్నాళ్ళకు వీపు గూనివడును, నిలువెత్తు తగ్గును, నిన్నటివరకు అందిన ఉట్టి అందదు. ఇది యంతయు వార్ధక్యమని తలచుట పొరపాటు. పెక్కుమారులు దీనికి కారణము ఎముకలు గుల్లబారు రోగము. వైద్యులు దీనిని ఆస్టియోపోరోసిస్ అందురు.

సుశ్రుతుడు ఎముకలు 300 అనెను. చరకుడు 360 అనెను. నేటి వైద్యులు పెద్దవారికి 206 అందురు. లెక్క యేదైనను, ఎముక ఎండుకొయ్య కాదు. అందు పాతది కరగుచు, క్రొత్తది చేరుచుండును. సుమారు 30 ఏండ్ల వరకు జమ హెచ్చు. పిదప క్రమముగా ఖర్చు హెచ్చు. ముట్లుడిగిన స్త్రీలకు కొన్నియేండ్లు ఆ ఖర్చు మరింత వేగముగా సాగును.

ఎముక విరుగువరకు ఈ రోగము సాధారణముగా బయటపడదు. మణికట్టు విరిగినచో అన్నము కలుపుకొనుట, జడ వేసికొనుట పరాధీనమగును. వెన్నుపూసలు నలిగినచో బిందె ఎత్తుట, పీటపైనుండి లేచుట కష్టము. వీపు మిక్కిలి వంగినచో ఊపిరి నిండుగా ఆడదు, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లుండును. తుంటి విరిగినచో, శస్త్రచికిత్స జరిగినను పలువురు మునుపటివలె నడువజాలరు.

అన్నిటికంటె కీడు చేయునది భయము. ఒకమారు పడిన తల్లిని బిడ్డలు ప్రేమచేతనే “కదలకమ్మా” యందురు. కదలకున్న కండలు సడలును. కండలు సడలిన అడుగు తడబడును. తడబడిన మరల పడుదురు. మంచమునకు అంటగట్టుట రక్షణ కాదు.

చేయవలసినది వేరు. స్నానపుగదిలో పాకుడు లేకుండ చూడవలెను, గోడకు పట్టుకమ్మి బిగింపవలెను, రాత్రివేళ దీపముండవలెను. బరువెత్తునపుడు నడుము గాక మోకాళ్ళు వంచవలెను. ఊతకర్ర అవమానము కాదు. పాలు, పెరుగు, రాగులు ఎముకకు బలము. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియమున్నది. ఎండ సోకిన చర్మమున డి విటమిను పుట్టును. ఎముకల సాంద్రతను కొలుచు డెక్సా పరీక్షయు, విరుగుడు ముప్పును తగ్గించు మందులును నేడు కలవు. వైద్యుని సలహాపై నడక, వ్యాయామము సాగింపవలెను.

పురాణశ్రవణమునకై ఈ గ్రంథాలయపు అరుగునకు వచ్చు అవ్వ నాలుగు నాళ్ళు కనబడకున్నచో, “ముసలిది గదా” యని విడువక, ఆమె యింటికేగి విచారింపుడు. చేయి పట్టి నడిపించుకొని రండు.