పందెపు ఆటలు - పాత పనివారు

మొన్నటి వేసవి సెలవులలో మేము మహబూబాబాదు జిల్లా గూడూరులో బంధువుల ఇంట కొన్ని దినములుంటిమి. ఆ ఇంటి పెద్దాయన తన వయసులో ఎడ్లబండ్లకు చక్రములు చేసిన వడ్రంగి. ఆయన మనుమడు పదునాలుగేండ్లవాడు, హైదరాబాదులో చదువుకొనుచున్నాడు. ఒక మధ్యాహ్నమాతడు అరుగుమీద కూర్చుండి కారు పందెముల వీడియో ఆట ఆడుచుండెను. ఆ ఆట పేరు వానికి చిన్ననాటినుండి పరిచితమే. అప్పుడు చేత నున్నది దాని క్రొత్త కూర్పు. కొంతసేపటికి విసుగు పుట్టి దానిని ప్రక్కన పెట్టి, "పేరు గదే తాతా, నడిపితె మాత్రం గది కాదు" అనెను. తాత తలయెత్తి, "చేసినోళ్లు గాళ్లేనా, బిడ్డా?" అని యడిగెను. మనుమనికి జవాబు తోచలేదు. నిజము చెప్పవలెనన్న మాకును తోచలేదు. ఈ ప్రసంగమునకు ఆ ప్రశ్నయే మూలము.

ముందుగా ఇటువంటి ఆట ఎట్లు తయారగునో కొంచెము తెలిసికొందము. మేలైన పందెపు ఆటలో తెరమీది బొమ్మ సెకనుకు 60 పర్యాయములు మారవలెను. ఒక్కొక్క బొమ్మకు దొరకు కాలము సెకనులో 60వ వంతు మాత్రమే. ఆ రెప్పపాటులో కారు ఎచ్చట నున్నది, చక్రములకు నేలపై ఎంత పట్టు చిక్కినది, ఎదుటి బండి తగిలినచో ఏ రేకు ఎట్లు వంగును అను లెక్కలన్నియు పూర్తి కావలెను. ఇంతవరకు గణితము. కాని గణితము సరిపోయినంత మాత్రమున ఆనందము పుట్టదు. నిజమైన కారు వలెనే ప్రవర్తించు కారు కొత్తవాని చేతిలో మొదటి మలుపుననే గోడను ఢీకొనును. కనుక వినోదము ప్రధానముగా గల ఆటలలో పనివారు సత్యమును కొంచెము వంచుదురు. మలుపులో చక్రమునకు ఆడువానికి తెలియకుండ చిటికెడు సాయము చేయుదురు. వేగము హెచ్చినకొలది దృశ్యపు వెడల్పును పెంచి, గాలి మీదికి వచ్చినట్లు భ్రమ కల్పింతురు. ఎంత వంచవలెను, ఎచ్చట ఆపవలెను అనునది ఏ పుస్తకమునను పూర్తిగా దొరకదు. అది పదేండ్లు, ఇరువదేండ్లు ఒకచోట కూర్చుండి, చేసి, చెరిపి, మరల చేసినవారి చేతులలో నుండును. బండిచక్రమునకు తొడుగు ఇనుప పట్టాను ఎంత ఎఱ్ఱగా కాల్చవలెనో, ఏ క్షణమున నీరు పోయవలెనో గూడూరు పెద్దాయన కన్నులకు తెలిసినట్లే.

ఇంగ్లండు దేశమున సర్రే మండలములో గిల్డ్‌ఫర్డ్ అను పట్టణము కలదు. అక్కడి క్రైటీరియన్ గేమ్స్ అను స్టూడియో ఈ విద్యలో పేరుపొందిన ఇల్లు. 2001లో వారి బర్నౌట్ అను పందెపు ఆట వెలువడినది. వారి సంస్థ నిర్మించిన రెండర్‌వేర్ అను సాధనమును ఇతర సంస్థలు సైతము కొనుక్కొని తమ ఆటలకు వాడుకొన్నవి. 2004లో అమెరికాకు చెందిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ క్రైటీరియన్‌ను కొనివేసెను. తరువాత నీడ్ ఫర్ స్పీడ్ అను ప్రసిద్ధమైన వరుసలో హాట్ పర్సూట్ 2010లోను, మోస్ట్ వాంటెడ్ 2012లోను ఈ ఇంటినుండియే వచ్చినవి.

2013లో ఆ ఇంట మొదటి కదలిక కలిగెను. నీడ్ ఫర్ స్పీడ్ బాధ్యత స్వీడను దేశమందలి ఘోస్ట్ గేమ్స్‌కు పోయినది. క్రైటీరియన్ పనివారిలో అత్యధికులు ఆ స్టూడియో శాఖకు మారిరి. పాత పేరు క్రింద మిగిలినవారు 20 మందికి లోపు. 2014 జనవరిలో ఆ ఇంటికి పెద్దలుగా నుండిన అలెక్స్ వార్డ్, ఫియోనా స్పెరీలు సెలవు తీసికొని, ఆ సంవత్సరముననే త్రీ ఫీల్డ్స్ ఎంటర్‌టైన్‌మెంట్ అను చిన్న సంస్థను స్థాపించిరి.

2020లో నీడ్ ఫర్ స్పీడ్ మరల క్రైటీరియన్ చేతికి వచ్చెను. వారు చేసిన అన్‌బౌండ్ అను ఆట 2022 డిసెంబరు 2వ తేదీన విడుదలయ్యెను. విమర్శకులు దానిని తీసిపారవేయలేదు, బాగుగానే చెప్పిరి. కాని అంగడిలో ఆశించిన సందడి కలుగలేదు. బ్రిటనులో మొదటివారము డబ్బాలలో అమ్ముడైన ప్రతులు 2019 నాటి హీట్ అను ఆటకంటె 60 శాతమునకు పైగా తక్కువ. న్యాయముగా ఇంకొక మాటయు చెప్పవలెను. ఇంటర్నెట్టు ద్వారా కొన్న ప్రతులు ఆ లెక్కలో లేవు. అదిగాక ఈ ఆట క్రొత్త తరము యంత్రములకే తయారైనది. పాత యంత్రము గల ఇండ్లకు అది అందనే లేదు. ఆట వెలువడిన కొలది వారములకే, 2023 మొదటి మాసములలో, స్టూడియో అధిపతి మాట్ వెబ్‌స్టర్, ఆయనతోపాటు మరి నలుగురు అనుభవజ్ఞులు, మొత్తము ఐదుగురు, ఆ ఇల్లు విడిచిరి. అదే సంవత్సరము గిల్డ్‌ఫర్డ్‌లోనే ఫ్యూజ్ గేమ్స్ అను క్రొత్త స్టూడియో తెరచిరి. క్రైటీరియన్‌లో మిగిలినవారిలో పెక్కుమంది యుద్ధపు ఆటయగు బ్యాటిల్‌ఫీల్డ్ పనికి మరలింపబడిరి. పందెములకు పేరుపొందిన ఇంట తుపాకుల పని ప్రధానమైనది.

అమ్మకము తగ్గినందువలననే వారు వెళ్లిరని మేము అనము. అట్టి మాట అనుటకు మనకు హక్కు లేదు. పెద్ద పని ముగిసినపుడు పనివారు ఊపిరి పీల్చుకొని, ఇంక ముందేమి చేయుదమని ఆలోచించుట సహజము. కాని ఒక సంగతి మాత్రము స్పష్టము. ఆట బాగుగా ఆడినపుడు, వెళ్లదలచినవాడు సైతము మరియొక సంవత్సరము ఆగును. ఆడనపుడు, ఆగదలచినవాడు సైతము తలుపువంక చూచును. నష్టమును లెక్కకట్టు గుమాస్తా అమ్ముడుపోని ప్రతులను లెక్కించును గాని, తలుపు దాటిన చేతులను లెక్కించడు. రెండవ నష్టమే పెద్దది. ఒక ఆట పోయినచో మరియొక ఆట చేయవచ్చును. ఒకరి మాట ఒకరికి సగములోనే అర్థమగు ఐదుగురిని ప్రకటన వేసి తెచ్చుకొనుట సాధ్యము కాదు.

అట్లని వెళ్లినవారికెల్ల విజయము కాచుకొని యుండునా? అదియు లేదు. వార్డ్, స్పెరీల చిన్న సంస్థ 2016లో డేంజరస్ గోల్ఫ్, 2019లో డేంజరస్ డ్రైవింగ్ అను ఆటలు చేసెను. పాత బర్నౌట్ రుచి తెలిసినవారు ఈ రెండవదానిలో ఆ చేతివాటమును గుర్తించిరి. కాని పాత కీర్తి దానికి దక్కలేదు. నేర్పు వెంట వచ్చును గాని, వందలమంది సాయము, కోట్ల ధనము వెంట రావు. ఫ్యూజ్ వారో, 2025 డిసెంబరులో స్టార్ వార్స్ గెలాక్టిక్ రేసర్ అను ఆటను ప్రకటించిరి. ఇల్లు మారినను వారు తిరిగి పట్టినది పందెపు ఆటనే యనుట గమనింపదగినది.

ఇంత దూరపు కథ గూడూరు అరుగుమీద ఎందుకని అడుగవచ్చును. అది అంత దూరపు కథ కాదు. క్రైటీరియన్‌ను కొనిన ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థకు హైదరాబాదులోను స్టూడియో కలదు. మహబూబాబాదు స్టేషనులో రైలెక్కి, కాజీపేట మీదుగా రాజధానికి చేరు మన పిల్లలలో ఈ పనిలో ప్రవేశించువారు ఇకముందు హెచ్చగుదురు. ఒకనాడు వారు ఇంటికి వచ్చి, "ఆట సరిగా పోలేదు, మా పెద్దసారు వెళ్లిపోయిండు, నేను గూడ మానుకుందామనుకుంటున్న" అని చెప్పుట జరుగును. అపుడు తల్లిదండ్రులు జీతపు మాట ఒక్కటే అడుగరాదు. "నీకింక ఎవరి దగ్గర నేర్చుకొనవలసినది కలదు? వారు ఎచ్చట నున్నారు?" అని యడుగవలెను. పనివాని ఎదుగుదలకు సంస్థ పేరుకంటె ప్రక్కన కూర్చుండు గురువే ముఖ్యుడు. ఆ గురువు పాత ఇంటనే యున్నచో, అమ్మకము తగ్గినను అచ్చటనే యుండుట మేలు.

సంస్థలు నడుపువారికి మేము మనవి చేయునది వేరు. పెద్దలను గొలుసు వేసి నిలుపజాలరు, నిలుపనక్కరలేదు. కాని ఒక్కొక్క పెద్ద పనివాని ప్రక్కన ఇద్దరు చిన్నవారిని కూర్చుండబెట్టినచో, ఆ పెద్దవాడు వెళ్లిననాడు ఇల్లు చీకటి కాదు. ఆట నిరాశపరచిన వారముననే, తప్పు ఎవరిదను విచారణకు ముందు, దానిని చేసినవారికి కృతజ్ఞత చెప్పుటయు ఆ ఇంటి మర్యాద. విచారణ తరువాతను జరుపవచ్చును. వెళ్లినవారిని తరువాత పిలిచినను రారు.

గూడూరులో ఆ సాయంకాలము పెద్దాయనను మేము అడిగితిమి: "మీ చక్రాల పని ఎవరికైనా నేర్పినారా?" ఆయన కొంత తడవు ఊరకుండి, "నేర్చుకునెటోడు రాలె. ట్రాక్టర్లొచ్చినంక ఎవడొస్తడు?" అనెను. మనుమడు ఆట మరల చేతికి తీసికొనలేదు. పట్టా ఎట్లు తొడుగుదురో చెప్పుమని తాతను అడిగెను. చీకటి పడువరకు వారిద్దరును కొట్టములో నున్న పాత చక్రము ముందు కూర్చుండియే యుండిరి.