రేడియోసర్జరీ అయింది, మరి రక్తస్రావం భయం పోయినట్టేనా?



పోర్టులో పనిచేసేవారు, స్టీల్ ప్లాంట్ కాంట్రాక్టు కార్మికులు, వారి ఇంట్లోవాళ్లు... ఈ పీడీఎఫ్ ఎవరి ఫోన్‌కు చేరినా ఒక్క మాట గుర్తుంచుకోండి. మెదడులో రక్తనాళాల చిక్కుముడికి రేడియోసర్జరీ చేయించుకున్న రోజే ప్రమాదం తీరిపోదు.

ఈ జబ్బును డాక్టర్లు ఏవీఎం అంటారు. మామూలుగా ధమనిలోని రక్తం సన్నటి కేశనాళికల గుండా వెళ్లి, జోరు తగ్గాక సిరలో కలుస్తుంది. ఏవీఎంలో మధ్యన ఆ కేశనాళికలు ఉండవు. ఇంటి కుళాయి పైపును ఫైరింజన్ గొట్టానికి తగిలిస్తే ఏమవుతుంది? ఎక్కడో ఒకచోట పగులుతుంది. ఇదీ అంతే. చికిత్స లేకపోతే వందమందిలో ఏడాదికి సుమారు 2 నుంచి 4 మందికి రక్తస్రావం అవుతుంది. ఒకసారి అయినవారికి ముప్పు ఇంకా ఎక్కువ.

రేడియోసర్జరీలో తల కోయరు. సన్నటి కిరణాలను అన్ని వైపుల నుంచి ఆ ముడి మీదకే పంపుతారు. 1968లో స్టాక్‌హోంలో డాక్టర్ లార్స్ లెక్సెల్ మొదలుపెట్టిన గామా నైఫ్ పద్ధతి ఇదే. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఆ యంత్రం ఉంది. లీనియర్ యాక్సిలరేటర్‌తోనూ ఈ చికిత్స చేస్తారు. కిరణాలు తగిలిన నాళం గోడ లోపలి నుంచి మెల్లగా మందమై మూసుకుపోతుంది. దానికి సాధారణంగా 2, 3 ఏళ్లు పడుతుంది. అందాకా రక్తస్రావం ముప్పు ఉన్నట్టే లెక్క. పూర్తిగా మూసుకున్నాక చాలా తగ్గుతుంది. కొందరికి మూసుకోకపోవచ్చు, మళ్లీ చికిత్స కావాల్సి రావచ్చు.

చిక్కంతా ఇక్కడే. మనిషి బాగానే ఉంటాడు, డ్యూటీకి వెళ్తుంటాడు. "ఇంకా స్కానింగ్ ఎందుకులే, ఒకరోజు కూలి పోతుంది" అనిపిస్తుంది. దయచేసి అలా మానేయకండి. డాక్టర్ చెప్పిన గడువులో ఎంఆర్ఐ చేయించుకోండి. మూసుకుందని నిర్ధారించడానికి చివర్లో యాంజియోగ్రామ్ చేస్తారు.

ఈలోగా బీపీ అదుపులో ఉంచుకోండి. పొగ మానండి. రక్తం పలచబడే మందులు, నొప్పి మాత్రలు సొంతంగా వాడొద్దు. అలాగని డాక్టర్ రాసిన మందులు మీ అంతట మీరు ఆపొద్దు. ఫిట్స్ వచ్చి ఉంటే క్రేన్ మీద, ఎత్తులో పని గురించి ముందే డాక్టర్‌ను అడగండి. గర్భం దాల్చాలనుకునే అక్కచెల్లెళ్లు కూడా ముందుగా మాట్లాడండి.

ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతులు, ఫిట్స్, మాట తడబడటం, కాలో చెయ్యో పడిపోవడం, స్పృహ తప్పడం... వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. "ఏవీఎంకు రేడియోసర్జరీ అయింది" అని మొదటి మాటగా చెప్పండి. పాత స్కాన్ల ఫైలు వెంట తీసుకెళ్లండి.

ఇక ఖర్చు సంగతి. ఎన్టీఆర్ వైద్య సేవ నెట్‌వర్క్ ఆసుపత్రిలో హెల్ప్ డెస్క్ ఉంటుంది. రేషన్ కార్డు, ఆధార్ చూపించి రెండు ప్రశ్నలు అడగండి: నా చికిత్స పథకం జాబితాలో ఉందా? తర్వాతి స్కాన్లకూ వర్తిస్తుందా? డబ్బు కట్టకముందే అడగండి. సందేహముంటే 104కి ఫోన్ చేయండి. ఈఎస్ఐ కార్డున్నవారు ఈఎస్ఐ ఆసుపత్రి ద్వారా రిఫరల్ అడగాలి.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ చికిత్స జరిగి ఉంటే, తర్వాతి స్కాన్ తేదీ ఎప్పుడో ఈరోజే ఫైలు తీసి చూడండి. సెలవు.