చదువు ఫోనులోనా, తరగతిలోనా?

(షోలాపూరులో కార్మిక తల్లిదండ్రుల సభలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పన్నెండో తరగతి ఫలితాలు రాగానే మన వాడల్లో ఒకటే చర్చ. పిల్లలను కాలేజీకి పంపాలా, ఇంట్లోనే ఉంచి ఫోనులో డిగ్రీ చదివించాలా? సాంచాల మీద పన్నెండు గంటలు నిలబడే తండ్రికీ, బీడీలు చుట్టే తల్లికీ ఫీజూ, బస్సు ఖర్చూ భారమే. కనుక రెండు వైపులా తూచి మాట్లాడుకుందాం.

ముందు ఆన్‌లైన్ చదువులోని మంచి. 2017లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 'స్వయం'లో కాలేజీ పాఠాలు ఉచితంగా వినవచ్చు. పరీక్ష రాసి సర్టిఫికెట్ తీసుకోవాలంటేనే రుసుము. అర్థం కాని పాఠాన్ని పదిసార్లు వినవచ్చు. రాత్రి షిఫ్టు చేసి పగలు నిద్రపోయే యువకుడికి, చదువు మధ్యలో ఆగిపోయిన కోడలికి ఇదే దారి. అనుమతి పొందిన సంస్థలు ఆన్‌లైన్‌లో, దూరవిద్యలో ఇచ్చే డిగ్రీలు మామూలు డిగ్రీలతో సమానమని యు.జి.సి. 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది. కనుక ఫోను చదువుకు విలువ లేదనడం సరికాదు.

ఇక రెండో వైపు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కాలేజీలు మూతబడి చదువంతా ఫోనులోకి వచ్చింది. అంతకు ముందు 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో నూటికి 24 కుటుంబాలకే ఇంటర్నెట్ ఉంది, 11 కుటుంబాలకే కంప్యూటర్ ఉంది. ఆ తర్వాత ఫోన్లు పెరిగిన మాట నిజమే. కానీ ఫోను ఉండడం వేరు, చదువుకునే చోటు ఉండడం వేరు. ఒకే గదిలో వంట, పడక, పక్కనే సాంచాల మోత. ఇంట్లో ఉన్న ఆడపిల్లకు నీళ్లు పట్టమనీ, బీడీ ఆకు కత్తిరించమనీ పనులు తప్పవు. తరగతిలో కూర్చున్న పిల్లను ఎవరూ మధ్యలో లేపరు.

సాంచా నడపడం మనం ఎలా నేర్చుకున్నాం? తెలిసినవాడి పక్కన నిలబడి, తెగిన పోగు అతికి, తప్పు చేసినప్పుడు చెప్పించుకుని నేర్చుకున్నాం. చదువూ అంతే. పిల్ల ముఖం చూసి అర్థం కాలేదని పసిగట్టే అధ్యాపకుడు, స్కాలర్‌షిప్ ఫారం గడువు గుర్తుచేసే స్నేహితురాలు, గ్రంథాలయం, ప్రయోగశాల ఇవన్నీ కాలేజీలోనే దొరుకుతాయి. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివే పిల్లలకు ఈ ఆసరా మరింత అవసరం.

ఒక హెచ్చరిక. ఇంజనీరింగు, వైద్యం, నర్సింగు, ఫార్మసీ, న్యాయశాస్త్రం డిగ్రీలను ఆన్‌లైన్‌లో నడపడానికి యు.జి.సి. 2020 నిబంధనలు అనుమతించవు. ఇంట్లో కూర్చుని నర్సింగు డిగ్రీ అంటూ ఏ ఏజెంటు వచ్చినా పైసా ఇవ్వకండి. ఇతర కోర్సులకైనా ఆ సంస్థకూ, ఆ కోర్సుకూ, ఆ సంవత్సరానికీ అనుమతి ఉందో లేదో యు.జి.సి. జాబితాలో చూశాకే డబ్బు కట్టాలి.

ఇంకో మాట కటువుగా ఉన్నా చెప్పక తప్పదు. కొడుకును కాలేజీకి పంపి, కూతురిని మాత్రం ఫోనులో చదువుకోమంటున్నాం. ఖర్చు తగ్గుతుందంటున్నాం. 2024 జూలైలో మహారాష్ట్ర ప్రభుత్వం, ఏటా 8 లక్షల లోపు ఆదాయం గల ఓబీసీ, ఎస్‌ఈబీసీ, ఆర్థికంగా వెనుకబడిన కుటుంబాల ఆడపిల్లలకు వృత్తివిద్యా కోర్సుల్లో బోధన, పరీక్ష రుసుములు పూర్తిగా మాఫీ చేసింది. ఈ సదుపాయం ఉందో లేదో అడగకుండానే పిల్లను ఇంట్లో కూర్చోబెడితే, అది పేదరికం చేసిన అన్యాయం కాదు, మనం చేసిన అన్యాయం.

కాబట్టి మా సలహా ఇది. పద్దెనిమిదేళ్ల పిల్లలను, ఆడైనా మగైనా, వీలైనంత వరకు కాలేజీకే పంపుదాం. పనిలో ఉన్నవారు ఆన్‌లైన్‌లో చదవాలి, చదివేవారి షిఫ్టు పరీక్షల రోజుల్లో మార్చమని సేట్లను సంఘంగా అడగాలి. కాలేజీకి వెళ్లే పిల్లలు కూడా సాయంత్రం ఫోనులో పాఠం మళ్లీ వినాలి. అందుకు సంఘం ఆఫీసులో ఒక గది కేటాయించి, ఇంటర్నెట్ పెట్టించాలని ఈ సభలోనే తీర్మానిద్దాం.

మన చేతికి సాంచా వచ్చింది. మన పిల్లల చేతికి ఏది రావాలో వారే ఎంచుకునే చదువు ఇద్దాం.