నేర్చుకునే గంట ఎవరిది?

(దేవరకొండలో మహిళా కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శిబిరంలో నాకిచ్చిన విషయం వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. బడి లేకుండా, పంతులు లేకుండా ఒక కొత్త భాషను సొంతంగా నేర్చుకునేటప్పుడు ఆసక్తిని ఎలా నిలబెట్టుకోవాలి అన్నది ఆ విషయం. నేను ఫ్రెంచి అలాగే నేర్చుకున్నానని తెలిసి నిర్వాహకులు నన్ను మాట్లాడమన్నారు. మీలో చాలామంది ఇంగ్లీషు నేర్పే పుస్తకం కొని మూడో పాఠం దగ్గర ఆగిపోయారట. కూలి రేట్లు, భూమి పట్టాలు, గృహహింస కేసుల మధ్య ఈ ఫ్రెంచి గోలేమిటి అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. అయితే మూడో పాఠం దగ్గర ఆగిపోవడం మీలో ఒక్కొక్కరి సోమరితనం కాదని నా అభిప్రాయం. అది హక్కులకు సంబంధించిన ప్రశ్న. ఆ మాట చెప్పడానికే ఇక్కడికి వచ్చాను.

ముందు ఈ ఊళ్లో పెరిగిన ఒక స్త్రీ గురించి చెప్పుకుందాం. భండారు అచ్చమాంబ 1874లో అప్పటి కృష్ణా జిల్లాలో పుట్టింది. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి, తమ్ముడితో కలిసి సవతి అన్న దగ్గరికి, ఈ దేవరకొండకే వచ్చింది. అప్పుడిది నిజాం రాజ్యం. ఆమెను ఎవరూ బడికి పంపలేదు. బాల్యంలోనే పెళ్లయింది. భర్త మాధవరావు ఉద్యోగం మధ్యపరగణాల్లో కావడంతో తెలుగు వినపడని చోటికి కాపురానికి వెళ్లింది. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువు కోసం అక్క ఇంటికే చేరాడు. అతను చదువుకుంటుంటే పక్కన కూర్చుని ఆమె తెలుగు, హిందీ నేర్చుకుంది. ఆ తర్వాత మరాఠీ, బెంగాలీ, గుజరాతీల దాకా వెళ్లింది. సంస్కృతం, ఇంగ్లీషు కూడా కొంత పట్టుబడ్డాయి. ఏ పరీక్షకీ కూర్చోలేదు, ఏ సర్టిఫికెట్టూ రాలేదు.

పుట్టిన పిల్లలిద్దరూ పసితనంలోనే పోయారు. అంత దుఃఖంలో ఆమె చదువు ఆగిపోలేదు. ఎందుకు ఆగలేదు? ఆత్మబలం, పట్టుదల అని రాసేసి చేతులు దులుపుకోవడం జీవితచరిత్రకారులకి అలవాటు. నేను సామాజికశాస్త్రం చదువుకున్నదాన్ని కాబట్టి పట్టుదల వెనుక ఏముందో చూస్తాను. మొదటిది, పక్కన ఒక మనిషి ఉన్నాడు. రెండోది, ఆ భాషలతో చేయవలసిన పని ఉంది. స్త్రీలు అబలలు, తెలివి తక్కువవాళ్లు అనే మాటకి జవాబుగా దేశంలోని స్త్రీల చరిత్రలన్నీ కూర్చాలని ఆమె సంకల్పించింది. ఆ సమాచారం ఒక్క తెలుగు పుస్తకాల్లో దొరికేది కాదు. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ మొదటి భాగం వచ్చింది. అంటే ఇతర భాషలు ఆమెకి అలంకారం కాదు, పనిముట్టు. మూడోది, నేర్చుకున్నది తనతో ఆగలేదు. 1902లో మచిలీపట్నంలో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీసమాజం పెట్టింది. ఊరూరూ తిరిగి స్త్రీల సమాజాలు పెట్టించింది. విదేశీ స్త్రీల చరిత్రలతో మరో భాగం రాయాలని అనుకుంది. 1905 జనవరి 18న, ముప్పై ఏళ్లకే, ప్లేగు ఆమెను తీసుకుపోయింది.

ఆమెకున్న వెసులుబాట్లని దాచిపెట్టడం నా ఉద్దేశం కాదు. బ్రాహ్మణ కుటుంబం, ఉద్యోగం ఉన్న భర్త, చదువుకునే తమ్ముడు - ఇవన్నీ ఉన్నాయి. అదే కాలంలో ఈ గుట్టల మధ్య పశువులు కాసిన ఆడపిల్లకి ఇవేవీ లేవు. ఆ పిల్లలో ఆసక్తి లేదని మాత్రం ఎవరూ చెప్పలేరు. ఆసక్తి నిలబడటానికి కావలసిన ఆసరా లేదు.

బెంగాల్లో రాససుందరీ దేవి కథ దీన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో, ఇంటెడు చాకిరీ మధ్య, ఆడవాళ్లు చదివితే అరిష్టమనే రోజుల్లో, చైతన్య భాగవతంలోంచి ఒక పుట తీసి వంటింట్లో దాచుకుంది. కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకుని పక్కన పెట్టుకుని, ఒక్కొక్క అక్షరాన్నీ పోల్చుకుంటూ చదవడం నేర్చింది. రాయడం మాత్రం ఎన్నో ఏళ్ల తర్వాతే వచ్చింది. దూరాన ఉన్న కొడుకు, తన ఉత్తరాలకి జవాబు రాయవేమని నిలదీసి, కాగితం, కలం, సిరా ఇచ్చి వెళ్లాడు. అప్పుడు రాయక తప్పలేదు. ఆ తర్వాత ఆమె ‘ఆమార్ జీబన్’ పేరుతో తన జీవితకథే రాసింది. చదవాలన్న కోరిక ఆమె లోపలినుంచి వచ్చింది. రాతకి మాత్రం ఎదురుగా ఒక మనిషి, జవాబు కోసం చూసే ఒక కన్ను కావలసి వచ్చింది.

ఇక నా సంగతి. సిమోన్ ద బోవా 1949లో ఫ్రెంచిలో రాసిన ‘ది సెకండ్ సెక్స్’ని మనలో చాలామందిమి ఇంగ్లీషులోనే విన్నాం, చదివాం. 1953లో వచ్చిన ఆ ఇంగ్లీషు అనువాదం చేసినది పార్ష్లీ అనే జంతుశాస్త్రవేత్త. చరిత్రలో స్త్రీల గురించి ఉన్న చాలా పేజీలు అందులో కత్తిరించారని 1983లో మార్గరెట్ సైమన్స్ అనే పరిశోధకురాలు బయటపెట్టింది. ఆ సంగతి పిహెచ్.డి. చేస్తున్న రోజుల్లో తెలిసి నాకు ఒళ్లు మండింది. స్త్రీల చరిత్రే కదా, విసుగ్గా ఉంటుందని కోసేశారన్న మాట! ఆ కోపంతోనే ఫ్రెంచి మొదలుపెట్టాను.

కోపం మంచి అగ్గిపుల్లే గాని కట్టె కాదు. మూడు నెలలకే చల్లారింది. రాసిన అక్షరాల్లో సగం పలకని భాష, ప్రతి వస్తువుకీ ఆడా మగా అంటగట్టే భాష ఎదురుగా ఉంది. బల్ల ఆడది, పుస్తకం మగది. ఇంట్లో చూస్తే పిల్లల బడి, అత్తగారి మందులు, నా ఉద్యోగం. అది చాలదన్నట్టు 2009లో పూర్తి ఇంగ్లీషు అనువాదం కూడా వచ్చేసింది. “ఇంకెందుకు నీకీ శ్రమ?” అన్నారు తెలిసినవాళ్లు. నిజమే, మొదలుపెట్టిన కారణం చెయ్యి జారిపోయింది. చాలా చదువులు సరిగ్గా ఇక్కడే చస్తాయి.

నా చదువు బతకడానికి కారణాలు చిన్నవి. ఇంకో ఊళ్లో నాలాగే సొంతంగా నేర్చుకుంటున్న ఒక స్నేహితురాలు దొరికింది. వారానికి ఒక ఉత్తరం ఫ్రెంచిలో రాసుకోవాలని ఒప్పందం చేసుకున్నాం. నాలుగు వాక్యాలైనా సరే, తప్పులతోనైనా సరే. ఆమె ఎదురుచూస్తుందనే ఇబ్బందే నన్ను కూర్చోబెట్టింది. రెండోది, పాఠ్యపుస్తకంలో పారిస్ హోటల్లో కాఫీ అడిగే సంభాషణలు పక్కన పెట్టేసి, నాకు ఇదివరకే తెలిసిన విషయాలు చదవడం మొదలుపెట్టాను. 1948 నాటి సార్వజనిక మానవహక్కుల ప్రకటన తెలుగులోనూ ఉంది, ఫ్రెంచిలోనూ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని రోజుకొక అధికరణం చదివాను. అర్థం ముందే తెలుసు కాబట్టి మాట దానంతటదే పట్టుబడింది.

అక్కడే ఒక వింత కనపడింది. ఆ ప్రకటన ఇంగ్లీషు ప్రతిలో మొదటి అధికరణం ‘పురుషులందరూ’ అనే అర్థమొచ్చే మాటతో మొదలు కాకుండా ‘మానవులందరూ’ అని ఉండాలని పట్టుబట్టింది మన దేశపు ప్రతినిధి హంసా మెహతా. ఫ్రెంచి పేరులో మాత్రం ‘ఓమ్’ అన్న మాటే ఉండిపోయింది. ఆ మాటకి మనిషి అనీ అర్థమే, మగవాడు అనీ అర్థమే. 1789 నాటి ఫ్రెంచి విప్లవ ప్రకటనలో ఉన్నదీ అదే మాట. దానికి బదులుగా 1791లో ఒలాంప్ ద గూజ్ స్త్రీల హక్కుల ప్రకటన రాసింది. 1793లో ఆమె తల నరికారు. ఒక్క మాట వెనక ఇంత ఉందని తెలిశాక పుస్తకం మూసేయాలనిపించలేదు.

ఇంకో సంగతి మన భాష గురించే తెలిసింది. ఫ్రెంచిలో వందమంది ఆడవాళ్ల మధ్య ఒక్క మగవాడుంటే ఆ గుంపంతా వ్యాకరణంలో మగవాళ్లయిపోతారు. మరి మన తెలుగులో? ‘అతను వచ్చాడు’ అంటాం. ‘ఆమె వచ్చింది’ అంటాం, ‘బర్రె వచ్చింది’ అనీ అంటాం. మన్నించి మాట్లాడితే తప్ప, ఒక్క ఆడమనిషికి క్రియాపదంలో పశువుతో సమానమైన చోటే దక్కింది. అదే ఇద్దరు ఆడవాళ్లు కలిస్తే ‘వాళ్లు వచ్చారు’. ఆడా మగా తేడా లేదు. ఒంటరిగా ఉంటే వచ్చింది, కలిస్తే వచ్చారు! పుట్టినప్పటినుంచీ మాట్లాడుతున్న భాషలో ఈ సంగతి నాకు ఫ్రెంచి నేర్చుకున్నాకే తట్టింది. పరాయి భాష మన ఇంటికి వేరే వైపునుంచి తెరిచిన కిటికీ.

లెక్కలూ అంతే. ఫ్రెంచివాళ్లు ఎనభైని ‘నాలుగు ఇరవైలు’ అంటారు, తొంభైని ‘నాలుగు ఇరవైల పది’ అంటారు. ఇదేం తలనొప్పి అనుకునేదాన్ని. ఇరవై తూములైతే ఒక పుట్టి అనే మన పాత ధాన్యం కొలత గుర్తొచ్చాక ఇరవైలతో లెక్కపెట్టడం పరాయిది కాకుండా పోయింది. కొత్తదాన్ని మన బతుకులో ఉన్న దేనికైనా ముడివేస్తే అది నిలుస్తుంది.

ఈ ముడే లేకపోతే ఎంత పెద్ద ఉద్యమమైనా నిలవదు. సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు రాత్రి కేంద్రాల్లో పలక పట్టుకున్నారు. తాగుడుతో చితికిన కుటుంబాల గురించి చదువుకున్న పాఠం వాళ్ల సొంత కథే అయింది. 1992లో అది సారా వ్యతిరేక పోరాటమై రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. మరి తర్వాత? ఎన్నో చోట్ల కేంద్రాలు మూతపడ్డాయి, నేర్చుకున్న అక్షరాలు చాలామందికి మళ్లీ చెదిరిపోయాయి. చదవడానికి ఏమీ లేనప్పుడు, కూర్చోవడానికి చోటు లేనప్పుడు వాళ్ల ఆసక్తిని తప్పుపట్టడం అన్యాయం.

అసలు అందరికన్నా ముందు కావలసింది గంట. 2019 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో జీతం లేని ఇంటి చాకిరీ చేసే స్త్రీలు దానిమీద రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చించారు. అదే పని చేసే పురుషులు వెచ్చించింది 97 నిమిషాలు. రెండింటికీ తేడా మూడు గంటల పైమాటే. రోజుకి అరగంట చదివితే భాష వస్తుందని పుస్తకాల అట్టలమీద రాస్తారు. ఆ అరగంట ఎవరి వాటాలోంచి తియ్యాలో మాత్రం రాయరు. ఆడవాళ్లు దాన్ని నిద్రలోంచి తీస్తారు. అందుకే మూడో పాఠం దగ్గర కళ్లు మూతలు పడతాయి. ఇంట్లో ఆ అరగంట అడగడం, గిన్నెలు ఎవరు కడుగుతారో తేల్చడం చదువులో మొదటి పాఠం.

కాబట్టి నేను చెప్పేది ఇది. ఆసక్తి ఎవరో కొందరికి పుట్టుకతో వచ్చే గుణం కాదు. అది ఒక ఏర్పాటు. సంఘం పెట్టుకున్నట్టే దాన్నీ పెట్టుకోవాలి. ఒంటరిగా కాకుండా ఇద్దరిద్దరుగా నేర్చుకోండి. ఆదివారం నాలుగు గంటలకన్నా రోజూ ఇరవై నిమిషాలు మేలు. మీరు ఇంగ్లీషు నేర్చుకోవాలనుకుంటే ‘మై నేమ్ ఈజ్’ దగ్గర మొదలుపెట్టనక్కర్లేదు. రాజ్యాంగ పీఠిక తెలుగులో చదివి, పక్కనే ఇంగ్లీషులో చదవండి. 2005 గృహహింస చట్టాన్ని అలాగే చదవండి. ఫిర్యాదు చేసిన మనిషికి ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి కదా, ఆ కాగితాన్నే పాఠం చేసుకోండి. పత్తి ఏరే కాలంలో చదువు సాగదు. ఆ రెండు నెలలూ సెలవని ముందే అనుకుంటే అది ఓటమి అనిపించదు, మళ్లీ మొదలుపెట్టే రోజు కూడా ముందే ఖాయం అవుతుంది.

చివరగా ఒక మాట. ఎవరు ఎవరి భాష నేర్చుకోవాలి అన్నది కూడా అధికారానికి సంబంధించినదే. దేవరకొండ చుట్టూ ఉన్నవి తండాలు. తండా బిడ్డ ఇంట్లో లంబాడీ మాట్లాడుతుంది. బడికి వచ్చి తెలుగు నేర్చుకుంటుంది, ఆ తర్వాత ఇంగ్లీషు. మూడు భాషలు మోసే ఆ పిల్లని మనం వెనకబడినదంటాం. 1999లోనూ 2001లోనూ దత్తత పేరుతో తండాల పసి ఆడబిడ్డలు చేతులు మారిన ఉదంతాలు పత్రికలకెక్కినప్పుడు ఈ ప్రాంతం పేరు దేశమంతా మోగింది. బిడ్డని వదులుకున్నట్టు రాసే కాగితం ఆ తల్లి భాషలో ఉండదు. ఆమెతో మాట్లాడటానికి వెళ్లే అధికారికీ, పాత్రికేయుడికీ, చాలాసార్లు మనలాంటి కార్యకర్తలకీ కూడా ఆమె భాష రాదు.

లంబాడీకి సొంత లిపి లేదు. ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నారు కాబట్టి మనకి అక్షరాలు నేర్చుకునే పని కూడా లేదు. తండా నుంచి వచ్చిన కార్యకర్తలు ఈ గదిలోనే ఉన్నారు. వాళ్లకి ఇంగ్లీషు కాగితాలు చదివే తోడు కావాలి, మనకి వాళ్ల భాష నేర్పే గురువు కావాలి. జతలు ఇక్కడే కట్టుకోవచ్చు. ‘యాడి’ అంటే అమ్మ. ఇదీ మొదటి మాట. రెండో మాట మధ్యాహ్నం భోజనాల దగ్గర మీ పక్కన కూర్చున్నామెను అడగండి.