దయ వేరు, హక్కు వేరు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన ప్రత్యేక నిధితో ఈసారి వికలాంగులకు ఏమి చేయాలనే విషయంపై నన్ను మాట్లాడమన్నారు. దుప్పట్లు, పండ్లు పంచుదామని కొందరు మిత్రుల ప్రతిపాదన. వారి మంచి మనసును నేను శంకించను. కాని అంతకంటె ముందు చేయవలసిన పని ఒకటున్నదని నా మనవి.

డిసెంబరు 17ను మనం పెన్షనర్ల దినంగా ఎందుకు జరుపుకుంటున్నాము? 1982లో ఆ రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షను యజమాని దయతలచి ఇచ్చే బహుమానం కాదు, ఉద్యోగికి దక్కవలసిన హక్కు అన్నది. దానికి సరిగ్గా రెండు వారాల ముందు, డిసెంబరు 3న, ప్రపంచ వికలాంగుల దినం వస్తుంది. 1992లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన దినమది. మాకు దయ వద్దు, హక్కు కావాలన్న మనమే వారికి దయ చాలునంటే న్యాయమా?

చట్టం వారి పక్షాన ఉన్నది. 1995 చట్టం స్థానంలో 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. గుర్తించిన వైకల్యాలు 7 నుండి 21 అయినవి. ప్రభుత్వోద్యోగాలలో రిజర్వేషను 3 నుండి 4 శాతమైనది. ప్రజలు వచ్చిపోయే ప్రభుత్వ భవనాలను వికలాంగులు రాగలిగేటట్లు మార్చాలని కూడా అందులో ఉన్నది. చూపులేని రాజీవ్ రతూరి వేసిన కేసులో 2024 నవంబరున సుప్రీంకోర్టు, ఈ ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి చేయాలని కేంద్రాన్ని ఆదేశించింది.

ఇక మన మన్యం సంగతి. తాలూకా ఆఫీసు నుండి మండలాఫీసు దాకా గుమాస్తాగిరీ చేసిన నాకు తెలిసిందొకటే. హక్కు ఎంత గొప్పదైనా కాగితం లేనిదే ఫైలు కదలదు. వికలాంగునికి ఆ కాగితం వైకల్య ధ్రువీకరణ పత్రం. దానికోసం చర్ల, దుమ్ముగూడెం అడవి గూడేల నుండి నడవలేని బిడ్డను భుజాన వేసుకొని ఒక తల్లి వాగు దాటి బస్సెక్కి రావాలి. ఆమె మాట్లాడేది కోయ, దరఖాస్తు ఉండేది తెలుగులో. ఒక్క జిరాక్సు తక్కువైతే మళ్ళీ రమ్మంటారు.

పైగా మనది సరిహద్దు. 2014లో ఎటపాక వంటి ఊళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినవి. వికలాంగుల పెన్షను తెలంగాణలో 2023లో 4,016 రూపాయలైంది. ఆంధ్రలో 2024 జూలైలో 6,000 అయింది. ప్రభుత్వాన్ని బట్టి రూపాయలు మారవచ్చును. 2016 చట్టమిచ్చిన హక్కు మాత్రం గోదావరికి ఆ ఒడ్డునా ఈ ఒడ్డునా ఒక్కటే.

మరి దాతలకు పని లేదా? ఉన్నది. యూదులు దానాన్ని 'త్సెదకా' అంటారు. హీబ్రూ భాషలో అది న్యాయమనే మాటకు సంబంధించినది. అంటే ఇచ్చేవాడు దయ చూపడం లేదు, బాకీ తీరుస్తున్నాడన్నమాట. యూదులంటే ఎక్కడివారో అనుకోకండి. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర తెలుగు మాట్లాడే యూదు కుటుంబాలున్నాయి. అమెరికాలో బోస్టన్ ప్రాంతపు రూడర్‌మన్ కుటుంబ ఫౌండేషన్, తమ వారి బడులలో, ప్రార్థన మందిరాలలో వికలాంగులకు చోటు కల్పించేందుకు చాలా యేళ్ళు విరాళాలిచ్చింది. ఇది జాలి సంగతి కాదు, హక్కుల సంగతి అని వారి వాదన.

మన దగ్గరా అటువంటి దాతృత్వం ఉన్నది. 1987లో హైదరాబాదులో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు ప్రారంభించిన కంటి ఆస్పత్రికి, సినీ ప్రముఖులు ఎల్.వి. ప్రసాద్ గారి కుటుంబం స్థలమూ ధనమూ ఇచ్చింది. దాని శాఖ మన పాల్వంచలోనూ ఉన్నది. చూపు తిరిగి రాదని తేలినవారిని ఆ సంస్థ అంతటితో వదలదు. కర్రతో నడవడం, బ్రెయిలీ చదవడం, కంప్యూటరు వాడడం నేర్పుతుంది. దాత చేతి కోసం ఎదురుచూడకుండా చేసేదే మేలైన దానం.

ఏ ఊళ్ళోనైనా గుడి మెట్ల దగ్గర కూర్చున్నవానికి రూపాయి వేసి మనం పైకి వెళ్తాము. అతనికీ దర్శనం కావాలేమోనని ఎందరము అడుగుతాము?

కనుక నా ప్రతిపాదనలు మూడు. ఒకటి, మన సంఘ భవనానికి ర్యాంపు కట్టాలి. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవుండాలి; అంతకంటె నిటారుగా కడితే అలంకారానికే. రెండు, వైకల్య ధ్రువీకరణ క్యాంపు జరిగే రోజున మనలో ఇద్దరు బల్ల వేసుకొని దరఖాస్తులు నింపాలి. వారిలో ఒకరికి కోయ వచ్చి ఉండాలి. దూరపు గూడేలవారి బస్సు ఖర్చు నిధి నుండి ఇవ్వాలి. మూడు, ఈ నిధి ఖర్చు నిర్ణయించే కమిటీలో వికలాంగులనే ఇద్దరిని కూర్చోబెట్టాలి. వారికేమి కావాలో వారికంటె మనకెక్కువ తెలియదు.

డబ్బు చాలునా అని అడుగుతారు. దుప్పట్ల డబ్బుతో మొదలుపెడదాము. నలభై ఏళ్ళు దరఖాస్తులు పరిశీలించిన అనుభవం మన దగ్గర ఉన్నది, దానికి పైసా ఖర్చు లేదు.

చివరిగా ఒక మాట. ఈ హాలు మెట్లు కర్ర సాయం లేకుండా, పక్కవారి భుజం పట్టుకోకుండా మనలో ఎందరు ఎక్కి వచ్చారు? ర్యాంపు ఎవరికోసమో కాదు మిత్రులారా!

ఈ తీర్మానాన్ని ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.