నాన్‌వెజ్ పచ్చళ్ళు, క్రిముల సంగతి
(సమాఖ్య మహాసభలో చేసిన ప్రసంగం)

నేను చదివింది పదో తరగతి. మా సంఘం చికెన్, మటన్ పచ్చళ్ళు చేసి అమ్ముతుంది కాబట్టి క్రిముల సంగతి నేర్చుకోక తప్పలేదు. శిక్షణలో విన్నది, పొయ్యి దగ్గర చూసింది చెప్తాను.

కూరైతే జనం వేడి చేసుకుని తింటారు. పచ్చడి అలా కాదు, మూత తీసి నేరుగా అన్నంలో కలుపుకుంటారు. కడుపుతో ఉన్నామె తింటుంది, షుగరున్న ముసలాయన తింటాడు. మన పొయ్యి దాటాక క్రిమిని చంపే మంట ఇంకోటి లేదు.

మన పెద్దవాళ్ళు ఉప్పుకండ చేసేవాళ్ళు గుర్తుందా? మాంసాన్ని పల్చగా కోసి ఉప్పు, పసుపు, కారం పట్టించి ఎండేసేవాళ్ళు. అందులో కిటుకు నీళ్ళు తీసెయ్యడమే. తడి లేకపోతే క్రిమి పెరగదు. పచ్చడికీ అంతే. ముక్కలో నీరు ఇగిరిపోయాక నూనెలో లోపలిదాకా వేగాలి. పైన ఎర్రబడింది కదా అని దించేస్తే లోపల తడి ఉండిపోద్ది. మేం అన్నిటికంటే పెద్ద ముక్కను విరిచి చూశాకే దించుతాం.

పైన నూనె తేలుతుంటే చెడదు అంటారు. సగమే నిజం. నూనె కింద గాలి లేని చోటే పెరిగే క్రిమి ఒకటుంది, బొటులినం అంటారు. దాని విషం నరాలను పడగొడుతుంది. దాని విత్తనాల్లాంటివి మామూలు ఉడుక్కి చావవు. పులుపుకైతే లొంగుతుంది. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. 4.6 కంటే తక్కువుంటే అది పెరగలేదు. అందుకే నిమ్మరసం రుచికోసమే కాదు, కాపలాకి కూడా.

మొన్న ఎండాకాలం నిమ్మకాయలు ప్రియమైనప్పుడు, పట్నం షాపాయన ఒకాయన 400 సీసాలు అడిగాడు. ఉప్పు, పులుపు సగానికి తగ్గించాలన్నాడు. మాలో సగంమంది చేద్దామన్నారు. వాళ్ళని తప్పుపట్టలేను, బ్యాంకు కిస్తీ దగ్గరపడింది. రెండు మీటింగులు గట్టిగానే వాదించుకున్నాం. ఫ్రిజ్‌లో పెట్టుకోమని లేబుల్ మీద రాస్తే సరిపోదా అని ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్నే. కానీ లిస్టీరియా అనే క్రిమి ఫ్రిజ్ చలిలో కూడా మెల్లగా పెరుగుతుంది. దక్షిణాఫ్రికాలో 2017, 2018లో పోలోనీ అనే మాంసం తిండి వల్ల వెయ్యి మందికి పైగా జబ్బుపడ్డారు, 200 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో పసికందులు చాలామంది. అదీ ఉడికించిన మాంసమే. ఆ క్రిమి ఫ్యాక్టరీ లోపలే దొరికింది. ఇది విన్నాక ఆర్డరు వదులుకున్నాం. కిస్తీ పొదుపులోంచి సర్ది కట్టాం.

ఉడికాక మళ్ళీ అంటుకోవడమే అసలు భయం. పచ్చి మాంసం కత్తి, బల్ల, గిన్నెలు మాకు వేరే, వాటికి ఎర్ర రిబ్బను కడతాం. పచ్చి మాంసం పట్టినామె సీసాలు నింపదు. సీసాలు మరగబెట్టి తడి లేకుండా ఆరబెడతాం.

చేతి పుండులో, ముక్కులో ఉండే స్టెఫైలోకోకస్ ఉప్పుకు కూడా జంకదు. అది వదిలిన విషం మళ్ళీ వేడి చేసినా పోదు. అందుకని చేతికి గాయమైనామెను ఆ రోజు లేబుళ్ళు అంటించే పనికి పెడతాం. కూలి మాత్రం తగ్గించం. తగ్గిస్తే గాయం దాచిపెట్టి వస్తారు, ఎవరైనా అంతే.

పాళ్ళు మార్చినప్పుడల్లా శాంపిల్ ల్యాబ్‌కి పంపాలి. ఒక్క సంఘానికి ఆ ఖర్చు భారం. సమాఖ్య తరఫున ఒక పీహెచ్ మీటరు కొని, పచ్చళ్ళు చేసే సంఘాలన్నీ వంతులవారీగా వాడుకునేలా, ల్యాబ్ ఖర్చు అందరం పంచుకునేలా ఈ రోజు తీర్మానం రాయించమని అధ్యక్షురాలి గారిని కోరుతున్నాను. సెలవు.