తగినంత ఉప్పు



రేడియోలో ఉద్యోగం చేస్తూ, స్త్రీల కార్యక్రమంలో వంటకాల విధానాలను ఎన్నిమార్లు చదివినామో లెక్క లేదు. "తగినంత ఉప్పు, చాలినంత కారము" అని గంభీరంగా పలికి, ఆ తగినంత ఎంతో వినేవారికే విడిచిపెట్టి, కాగితం మడిచి లేచిపోయేవారము. ఇంటిలో మాత్రం ఒక విధానం ముందు పెట్టుకొని దాని ప్రకారం వండడమంటే మాకు మొదటినుండీ నామోషీ. వంట చేతకాక కాదు; ఒకరు ఏర్పరచిన వరుసకు తలవంచడం కిట్టక. మాలతీ చందూర్ గారి 'వంటలు-పిండివంటలు' మా ఇంట ఉన్నది. దాని అట్ట ఇప్పటికీ నలగలేదు.

సంక్రాంతి వెళ్ళిన వారంలో తాటిపాకలో ఉన్న మా మేనత్తగారిని చూడబోయినాము. ఆమెకు ఎనభై దాటినవి. జ్వరపడి లేచిన పిమ్మట అన్నం సయించడం లేదు. పూటకు రెండు ముద్దలు మజ్జిగతో కలుపుకొని, చేయి కడుగుకొంటున్నారు. వ్రేళ్ళు కీళ్ళు పట్టి కత్తిపీట ముందు కూర్చోలేరు. వంటకు వచ్చే అమ్మాయి పండుగకు పుట్టింటికి వెళ్ళి ఇంకా రాలేదు. ఏమి తినాలని ఉన్నది అత్తయ్యా అని అడిగితే, చాలసేపు ఆలోచించి, "కందా బచ్చలీ" అన్నారు.

తాటిపాక వశిష్ఠ, వైనతేయ పాయల నడిమి దీవిలో, రాజోలును ఆనుకొని ఉన్న ఊరు. ధవళేశ్వరం ఆనకట్ట నీరు వైనతేయను దాటి ఈ దీవికి చేరడానికి 19వ శతాబ్దిలో గన్నవరం వద్ద 49 ఖానాల అక్విడక్టు కట్టినారు. ఇప్పుడు దాని ప్రక్కనే కొత్తది ఉన్నది. పై ఊళ్ళవారికి తాటిపాక అంటే 2001లో ఓ.ఎన్.జి.సి. వారు నెలకొల్పిన చిన్న చమురుశుద్ధి కర్మాగారం జ్ఞప్తికి వస్తుంది. మాకు మాత్రం కూరగాయల బజారే తాటిపాక. కొబ్బరితోటల నీడలో వేసవినాడు నాటిన కంద శీతకాలానికి త్రవ్వకానికి వస్తుంది. ఏనుగు పాదాలవంటి ఆ దుంపలు మట్టితో సహా కుప్పపోసి ఉంటే, వాటి మధ్యనుండి నడచి వెళ్ళడమే ఒక సంబరం. అరకిలో ముక్క కోయించుకొన్నాము. కొవ్వూరు పరిశోధన స్థానంవారి గజేంద్ర రకానికి దురద తక్కువని విన్నాము కనుక, "ఇది గజేంద్రమేనా?" అని అడిగినాము. "కందేనండీ" అన్నాడు అమ్మేవాడు.

బచ్చలి పెరటి దడిమీదనే ఉన్నది.

అత్తయ్యగారు మంచంమీదనుండి విధానం చెప్పబోయినారు. మాకు తెలుసునన్నాము. కందకు దురద ఎందుకు? దానిలో సూదులవంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలున్నవి. అవి నాలుకకూ గొంతుకూ గ్రుచ్చుకొంటవి. దానికి విరుగుడు పులుపు. కనుక చింతపండు పులుసు మొదటనే పోసి అందులోనే కంద ఉడికించితే సరిపోతుందని మా శాస్త్రజ్ఞానం. ఆవ కూడ అంతే: ముద్దగా నూరి, ఉడుకుతున్న కూరలోనే కలిపితే ముక్కకు బాగా పడుతుందనుకొన్నాము.

గంటకు పైగా పొయ్యిమీద ఉన్నా కంద మెత్తబడలేదు. ఓపిక నశించి దించినాము. అత్తయ్యగారు ఒక ముద్ద నోట పెట్టుకొని, మింగి, ఏమీ అనలేదు. మంచినీళ్ళు త్రాగి విస్తరి ముందుకు జరిపినారు. మేమూ తిన్నాము. గొంతులో దురద, నాలుకపై చేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు గాని, ఆ రాత్రి ఆ ఇంట దురద లేనిది కత్తిపీట ఒక్కటే. మాకు దానికంటె బాధ కలిగించినది మరొకటి: ఆమె ఆ పూట మజ్జిగన్నం కూడ ముట్టలేదు.

మరునాడు ఉదయం కాగితమూ కలమూ పట్టుకొని ఆమె మంచం ప్రక్కన కూర్చున్నాము.

"చేతికి నూనె రాసుకోరా. ముక్కలు చిన్నవిగా తరిగి, రెండు నీళ్ళు కడుగు. పసుపు వేసి ఉత్త నీళ్ళలో ఉడకనీ. పులుసు ముందు పోస్తే ముక్క బిగుసుకుంటుంది."

తరువాత ఆలోచిస్తే అది నిజమే. పులుపు తగిలిన కాయగూర త్వరగా మెత్తబడదు. ఉడకని కంద దురద పోగొట్టుకోదు. మేము చదివినది తప్పు కాదు, దాని తావు తప్పు.

"ముక్క వ్రేలితో నొక్కితే నలిగేటప్పుడు బచ్చలాకూ, పచ్చిమిరపకాయలూ వెయ్యి. ఆకు మగ్గినాక పులుసు."

"ఎంత?"

"ఉసిరికాయంత చింతపండు."

"ఉప్పు?"

"తగినంత."

మేము కలం ఆపి ఆమెవంక చూచినాము. ఆమె మావంక చూచినారు. చివరకు ఉప్పు డబ్బా మంచం వద్దకే తెచ్చి, ఆమె చేతితో తీయించి, చెంచాతో కొలిచినాము. చెంచా నిండి, పైన చిటికెడు.

పిమ్మట మినపప్పు, శనగపప్పు, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకుతో పోపు. ఆవను మాత్రం కూర దించి, ఆవిరి తగ్గినాక కలపమన్నారు. ఆవాలు తడితో నూరినప్పుడే వాటి ఘాటు పుడుతుంది. అది గాలికి ఎగిరిపోయే గుణం కలది. పొయ్యిమీద పెడితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. ఆమె ఇవేవీ చెప్పలేదు. "మంటమీద ఆవ పెడతారుట్రా ఎవరైనా?" అన్నారు, అంతే. నిన్న పెట్టినది ఎవరో ఆమెకు తెలుసును.

కాగితం ప్రకారం, అక్షరం తప్పకుండా వండినాము. మధ్యలో రెండుమార్లు సొంత తెలివి ఒకటి తోచినది. అణచుకొన్నాము.

అత్తయ్యగారు గోడకు ఆనుకొని కూర్చుండి కలుపుకొన్నారు. రెండవ ముద్దకు ముక్కు ఎగబీల్చినారు, ఆవ పట్టినదన్నమాట. నాలుగు ముద్దలయినవి. గిన్నెవైపు చూపినారు. మరికొంత వడ్డించినాము.

"ఉప్పు ఒక్క పలుకు తక్కువరా" అన్నారు.

కాగితం తీసి దిద్దుకొన్నాము.